టైగర్ బార్బ్‌లు కొట్టుకుంటున్నాయి, రెండడుగుల ట్యాంక్‌లో ఏం చేయాలి?

సిక్కోలు_నీలిమ
శ్రీకాకుళంలో ఉంటాం. హాల్లో 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తున్న చేపల ట్యాంక్. అందులో టైగర్ బార్బ్‌లు 5, బ్లాక్ విడో టెట్రాలు 4, ఒక ఏంజెల్, అడుగున రెండు కోరీలు. అన్నింటికన్నా చివర వచ్చినవి బార్బ్‌లు. షాపులో అడిగితే అన్నీ కమ్యూనిటీ చేపలే, కలిసి బతుకుతాయి అన్నారు.

బార్బ్‌లలో పెద్దది అన్నింటికన్నా చిన్నదాన్ని బతకనివ్వడం లేదు. పొద్దున్న లైటు వేసిన దగ్గర్నుంచి తరమడమే. చిన్నది ఫిల్టర్ వెనక మూలలో దాక్కుంటుంది, తిండికి కూడా బయటకు రాదు. తోక సగానికి చిరిగిపోయింది. ఏంజెల్‌కి కింద వేలాడే పొడవాటి సన్న రెక్కలు కూడా పొట్టివైపోయాయి. చూడలేక చిన్నదాన్ని తీసి వేరే టబ్బులో పెట్టాను. మర్నాటికల్లా ఆ పెద్దది ఇంకోదాన్ని పట్టుకుంది! ఇప్పుడు దాని తోక చిరుగుతోంది. మా పాప ట్యాంక్ ముందు కూర్చుని ఏడుస్తోంది.

పెద్దదాన్ని తీసేస్తే సరిపోతుందా? లేక మొత్తం బార్బ్‌లనే ఎవరికైనా ఇచ్చెయ్యాలా?

ఆమదాలవలస_బాబ్జీ
పెద్దదాన్ని షాపులో తిరిగి ఇచ్చెయ్యండి. రౌడీ ఒక్కడు ఊరొదిలితే వీధంతా నిమ్మళం.

గంటస్తంభం
అలా అవదు బాబ్జీ. నీలిమ గారు రాసినదాంట్లోనే జవాబుంది, చూడు. చిన్నదాన్ని తీస్తే దాని పైది దెబ్బలు తినడం మొదలైంది. పెద్దదాన్ని తీస్తే దాని కిందది పెద్దరికం తీసుకుంటుంది. టైగర్ బార్బ్ గుంపులో ఎవరు పైన, ఎవరు కింద అన్న వరస తేల్చుకోవడం ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. సుమత్రా, బోర్నియో వాగుల్లో గుంపులుగా తిరిగే చేప అది. అక్కడ ఒకటి తరిమితే తప్పుకోవడానికి చోటుంటుంది, తరిమేదాని చూపు మళ్ళడానికి పక్కన ఇంకెన్నో ఉంటాయి. అయిదే ఉంటే అన్ని దెబ్బలూ అట్టడుగుదాని మీదే పడతాయి. 8కి తక్కువ పెట్టకూడదు, 10 ఉంటే ఇంకా మేలు.

ఆమదాలవలస_బాబ్జీ
కొట్టుకుంటున్నాయి మొర్రో అంటుంటే ఇంకో అయిదు తెచ్చి వేయమంటారేటి మాస్టారూ? 2 × 1 × 1.25 అంటే రెండున్నర ఘనపుటడుగులు. అంచుదాకా పోస్తే 70 లీటర్లు. రాళ్ళు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 60. ఇప్పటికే 12 చేపలున్నాయి అందులో.

గంటస్తంభం
ఉన్నవన్నీ ఉంచి ఇంకో అయిదు వేయమనలేదు. ఆ లెక్కకి తర్వాత వస్తాను. ముందు నీళ్ళ సంగతి తెలియాలి.

చంపావతి
అవును, నీళ్ళతో మొదలుపెట్టండి. విజయనగరంలో డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెబుతాను, ఇంట్లో కూడా ట్యాంక్‌లున్నాయి. చేపల మలం, మిగిలిన తిండి కుళ్ళి నీళ్ళలో చేరే అమోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దాటకూడదు, 20 లోపు ఉంటే మంచిది. నీళ్ళు బాగోకపోతే చేప మొప్పలకి మంట, ఊపిరికి ఇబ్బంది. అలాంటప్పుడు మామూలు తోపులాట కూడా గాయాలదాకా వెళ్తుంది, తగిలిన గాయం త్వరగా మానదు. నీలిమ గారూ, టెస్ట్ కిట్ ఉందా? నీళ్ళ వేడి ఎంత? బోరు నీళ్ళా, మున్సిపాలిటీ నీళ్ళా?

సిక్కోలు_నీలిమ
బోరు నీళ్ళే. ఇప్పుడే చూశాను. అమోనియా 0.25, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 40 దగ్గర, పీహెచ్ 7.8. వేడి మధ్యాహ్నం 31 డిగ్రీలు ఉంది. హీటర్ లేదు, ఈ ఊరి ఎండకి అవసరం రాలేదు.

చంపావతి
0.25 చూడ్డానికి చిన్న అంకె. కానీ పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో విషపు రూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది, వేడి పెరిగినా అది పెరుగుతుంది. మీ 7.8, 31 డిగ్రీల దగ్గర ఆ అంకెని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంకోటి ప్రాణవాయువు. 25 డిగ్రీల నీళ్ళు లీటరుకి 8 మిల్లీగ్రాములకి కాస్త పైన పట్టుకోగలవు, 32కి వచ్చేసరికి 7.3 చిల్లర. అదే సమయంలో వేడికి చేప ఒళ్ళు ఎక్కువ ప్రాణవాయువు అడుగుతుంది. సాయంత్రం పావు వంతు నీళ్ళు మార్చండి, రేపు ఇంకో పావు. పై మూత కాస్త ఎత్తి చిన్న టేబుల్ ఫ్యాన్ నీళ్ళ మీదకి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. నీళ్ళు తగ్గుతుంటాయి, పోస్తుండాలి.

రాజాం_రవ్వ
ఫ్యాన్ మాట నిజం. మా ఇంట్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా అదే పని. ఎయిర్ పంపుకి తగిలించే బుడగల రాయి కూడా రాత్రంతా ఆడాలి.

బొబ్బిలి_తీగ
ఒక పిచ్చి అనుమానం. టైగర్ బార్బ్‌కి పళ్ళుంటాయా? తోక అలా కత్తిరించినట్టు ఎలా పోతుంది?

చంపావతి
పిచ్చి అనుమానం కాదు, ఇక్కడ పనికొచ్చే అనుమానమే. బార్బ్‌లు మన శీలావతి, బొచ్చెల కుటుంబానివి. ఆ కుటుంబంలో దవడలకి పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. పెదాలతో పట్టి గుంజితే పల్చటి రెక్క చిరిగిపోతుంది. టెట్రాలు వేరు, అవి పిరానాల బంధువులు. దవడ మీద చిన్న చిన్న అసలు పళ్ళుంటాయి. అందుకని నీలిమ గారూ, ఏంజెల్ రెక్కలు కొరికింది బార్బ్‌లే అని ఒప్పేసుకోకండి. బ్లాక్ విడోలకి కూడా ఆ అలవాటు బాగా ఉంది, అందులోనూ నాలుగే ఉన్నాయి. ట్యాంక్ లైటు ఉంచి, గదిలో మాత్రం చీకటి చేసి, కాస్త దూరంగా కదలకుండా కూర్చుని చూడండి. మనం దగ్గరికి వెళ్తే తిండి అనుకుని అన్నీ ముందుకొచ్చేస్తాయి, అసలు సంగతి తెలియదు.

పొందూరు_నేత
చేప పళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్పాలనిపించింది. మా ఊళ్ళో సన్న ఖాదీ నూలు తీయడానికి పత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడతోనే. ఆ సన్న పళ్ళ వరస మీద దూదిని దువ్వితే గింజకి అంటుకున్న చెత్త పోయి పోగు సాఫీగా వస్తుంది. మా అమ్మమ్మ చేతిలో ఆ దవడ చూస్తూ పెరిగాం. ఏ మిషనూ ఆ పని అంత బాగా చేయలేదు.

రాజాం_రవ్వ
వాలుగని మాత్రం ట్యాంక్‌లో వేయకండి బాబూ, మర్నాడు తగువే ఉండదు, చేపలే ఉండవు 😀

ఉద్దానం_కొబ్బరి
దాక్కోవడానికి చోటు లేక దెబ్బలు తింటున్నాయి. కొబ్బరి చిప్పలు పెట్టండి అక్కా. మా సోంపేట వైపు ఎన్ని కావాలంటే అన్ని. పీచు గీకేసి, లోపల కొబ్బరి పిసరంత కూడా లేకుండా తీసి, బాగా ఉడకబెట్టి, నీళ్ళకి రంగు దిగడం తగ్గేదాకా రోజూ నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి. అంచు ఒకచోట విరిచి బోర్లించండి. రూపాయి ఖర్చు లేదు.

గంటస్తంభం
కోరీలకి బాగుంటుంది తమ్ముడూ. బార్బ్ మాత్రం గుహలో దూరే చేప కాదు, నడిమి నీళ్ళలో ఈదేది. దానికి కావలసింది చూపుకి అడ్డు. తరిమేదానికి తరిమించుకునేది కనపడకుండా పోతే ఆ పరుగు అక్కడితో ఆగుతుంది. వాలిస్నేరియా లాంటి పొడుగాటి ఆకుల మొక్కలు వెనక, రెండు పక్కలా ఒత్తుగా నాటి, నడిమి భాగం ఈదడానికి ఖాళీగా వదలాలి. హార్న్‌వర్ట్ అయితే నాటక్కర్లేదు, తేలుతూ కూడా పెరుగుతుంది, మన నీళ్ళలో ఆపినా ఆగదు. ఎండుకొమ్మ ఒకటి నిలువుగా పెడితే ట్యాంక్ రెండు గదులుగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ మొక్కలు పెడితే మొన దేలినవి వద్దు, ఉన్న గాయాల మీద ఇంకో గాయం.

నాగావళి_గట్టు
ఏటి గట్టు రాళ్ళు వాడొచ్చా? మాకు దగ్గరే.

గంటస్తంభం
వాడొచ్చు. ముందు రాయి మీద వెనిగర్ రెండు చుక్కలు వేసి చూడు. నురగ వస్తే సున్నపురాయి, నీళ్ళ పీహెచ్ ఇంకా పెంచుతుంది. వాళ్ళది ఇప్పటికే 7.8.

బొబ్బిలి_తీగ
నేను పాటించేది ఇది. రాళ్ళు, కొమ్మ, మొక్కలు అన్నీ ఒకేసారి చోటు మార్చేస్తాను. అప్పటిదాకా ‘ఈ మూల నాది’ అనుకున్న చేపకి ఆ మూలే ఉండదు. అన్నీ కొత్తగా మొదలుపెట్టాలి. కొత్త చేపల్ని కూడా అదే రాత్రి, లైటు ఆపి, అన్నింటినీ కలిపి ఒకేసారి వదలాలి. ఒకటొకటిగా తెచ్చి వేస్తే వచ్చినదాన్ని వచ్చినట్టు చితక్కొడతాయి.

ఆమదాలవలస_బాబ్జీ
ఆ మార్చడం నాలుగు రోజుల ముచ్చటే. మళ్ళీ మామూలే. నా మాట ఏంటంటే 60 లీటర్లలో టైగర్ బార్బ్ అసలు ఉండకూడదు. పూర్తిగా పెరిగితే ఆరు ఏడు సెంటీమీటర్లు, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. దానికి మూడడుగులు కావాలి. గుంపు పెంచండి అని అందరూ చెబుతారు, గాజు పెంచమని ఒక్కరూ చెప్పరు.

గంటస్తంభం
మూడడుగులు మేలన్నది నిజం, ఒప్పుకుంటాను. పొడవే ముఖ్యం, ఎత్తు కాదు. ఎత్తు ట్యాంక్‌లో నీళ్ళు ఎక్కువున్నా తప్పుకుని పరిగెత్తే దూరం మాత్రం పెరగదు. ఇక లెక్క చెబుతాను. నీలిమ గారి ట్యాంక్‌లో గుంపుగా బతకాల్సిన జాతులు మూడున్నాయి, ఒక్కటి కూడా చాలినంత లేదు. బార్బ్‌లు 5, విడోలు 4, కోరీలు 2. కోరీలు కూడా ఆరేడు ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. మూడింటినీ పెంచడానికి చోటు లేదు. కాబట్టి ఒక్క గుంపుని ఎంచుకోవాలి, మిగతావి వేరే ఇంటికి వెళ్ళాలి. బార్బ్‌లే కావాలంటే బార్బ్‌లు 8 మాత్రమే, ఇంకేమీ వద్దు, వారం వారం నీళ్ళు మార్చాలి, మూడడుగులది కొనే ఆలోచన మనసులో ఉండాలి. ఏంజెల్ ఏ లెక్కలోనూ ఇమడదు. అది ఎత్తుగా ఎదిగే చేప, పొడవు రెక్కలది, నెమ్మదిగా కదిలేది. బార్బ్‌ల మధ్య దానికి రోజూ నరకం.

సిక్కోలు_నీలిమ
చంపావతి గారు చెప్పినట్టు చీకట్లో కూర్చుని చూశాను. ఏంజెల్‌ని కొరుకుతున్నది బ్లాక్ విడోలే! రెండు కలిసి వెనక నుంచి వస్తున్నాయి. బార్బ్‌లు వాటిలో అవే కొట్టుకుంటున్నాయి, ఏంజెల్ జోలికి పెద్దగా పోవడం లేదు. ఇంకోటి, ట్యాంక్ లైటు ఆపాక రెండు బార్బ్‌లు తల కిందికి పెట్టి వాలుగా నిలబడ్డాయి, భయం వేసింది. జబ్బా?

బొబ్బిలి_తీగ
అది వాటి నిద్ర. పగలు కూడా అలాగే వేలాడుతూ, తిండి మానేస్తే అప్పుడు కంగారు పడండి.

చంపావతి
బాగా చూశారు. ఇంకొక్క సంగతి గమనించండి. తరిమే పెద్దదాని ముక్కు ఎర్రగా, ఒళ్ళు సన్నగా ఉందా? అయితే మగది. పొట్ట గుండ్రంగా ఉన్నవి ఆడవి. మగవాటి వేట సగం పెద్దరికానికి, సగం జత కోసం. అయిదింటిలో ఒక్కటే ఆడదైతే దాని ప్రాణం తోడేస్తాయి. ఇకపై తెచ్చేటప్పుడు ఆడవి ఎక్కువుండేలా ఏరుకోండి.

తోపులాటకీ హింసకీ తేడా కూడా పాపకి చూపించండి. రెండు చేపలు రెక్కలు విప్పి, రంగు ముదిరి, ఎదురెదురుగా గుండ్రంగా తిరిగి విడిపోతే భయం లేదు, అలా ఉండటమే వాటి ఆరోగ్యం. ఒకటి రంగు వెలిసి, రెక్కలు ముడుచుకుని, మూలకి చేరి తిండి మానేస్తే అది ప్రమాదం.

సిక్కోలు_నీలిమ
ముక్కు ఎర్రగానే ఉంది. మరో రెండు కూడా అలాగే కనిపిస్తున్నాయి. పాపకి బార్బ్‌లే ఇష్టం, వాటినే ఉంచుతాం. ఏంజెల్, విడోలు, కోరీలు మంచి ఇంటికి వెళ్తే చాలు, డబ్బులు వద్దు.

రాజాం_రవ్వ
తిండి మాట ఎవరూ అనలేదు. మా సెర్పే టెట్రాలు కూడా ఇదే రకం. ఒకే మూల తిండి వేసినంత కాలం పెద్దవి అక్కడే కాపలా కాసేవి, మిగతావి ఎముకలు తేలి ఉండేవి. ట్యాంక్ రెండు చివర్లా ఒకేసారి కొంచెం కొంచెంగా, పూటకి ఒకసారి వేయడం మొదలుపెట్టాక చిన్నవాటికి కూడా అందుతోంది. అమోనియా ఉంది కాబట్టి ఎక్కువ మాత్రం వేయకండి. రెండు నిమిషాల్లో అయిపోవాలి.

కళింగపట్నం_కెరటం
ఇంత గొడవ ఎందుకండీ, వద్దనుకున్నవి నాగావళిలో వదిలేస్తే హాయిగా బతుకుతాయి కదా.

చంపావతి
దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. నాగావళిలోనూ వద్దు, మా పెద్దచెరువులోనూ వద్దు, ఊరి బావిలో కూడా వద్దు. ట్యాంక్‌లో నాచు తింటుందని కొనుక్కునే సక్కర్ చేప గతి చూస్తున్నాం కదా. దక్షిణ అమెరికా చేప, ఇక్కడ చెరువుల్లో దెయ్యం చేప అయి కూర్చుంది, వలలు చించేస్తోంది. తూర్పు కనుమల నీళ్ళలో అది పాకిందని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఎక్కడో ఎవరో ‘హాయిగా బతుకుతుంది’ అని వదిలినవే అవన్నీ. బతక్కపోయినా ట్యాంక్ జబ్బు ఏటిలోకి దిగుతుంది. అందులో మన పరిగెలున్నాయి, వాటి మీద బతికే వాళ్ళున్నారు.

కళింగపట్నం_కెరటం
అర్థమైంది మేడం. మాది చేపల వాళ్ళ ఇల్లే, ఇంట్లో కూడా చెబుతాను.

నాగావళి_గట్టు
నీలిమ గారూ, ఏంజెల్‌ని నేను తీసుకుంటాను. నా దగ్గర నాలుగడుగుల ట్యాంక్, రెండడుగుల ఎత్తు. అందులో ఏంజెల్స్ ఉన్నాయి, కొరికే చేపలు లేవు. కోరీలు కూడా ఇవ్వండి, మావి అయిదున్నాయి, కలిసిపోతాయి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఎక్కడైనా కలుద్దాం. కవర్లో మూడోవంతు నీళ్ళు, మిగతా గాలి ఉండేలా కట్టండి.

బొబ్బిలి_తీగ
బ్లాక్ విడోలు నాకు. మా దగ్గర ఆరున్నాయి, పది అయితే వాటి కొరుకుడు ఇంకా తగ్గుతుంది. చెల్లి విజయనగరంలో ఉంటుంది, ఆదివారం శ్రీకాకుళం వస్తోంది, దాని చేత తెప్పించుకుంటాను.

ఉద్దానం_కొబ్బరి
చేపల సంఖ్య పెంచే ముందు కరెంటు సంగతి కూడా అనుకోండి అక్కా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు చాలా రోజులు కరెంటు లేదు. నిండా చేపలున్న ట్యాంక్‌లే ముందు పోయాయి. మొక్కలెక్కువ, చేపలు తక్కువ ఉన్నవి నిలబడ్డాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచండి. లేకపోతే మగ్గుతో నీళ్ళు తీసి పైనుంచి పోస్తుండాలి. తిండి పూర్తిగా ఆపేయాలి.

ఆమదాలవలస_బాబ్జీ
విడోలు, ఏంజెల్, కోరీలు పోతే ఒప్పుకుంటాను. 8 బార్బ్‌లు మాత్రమే అయితే ఏడాది లాగించొచ్చు. తర్వాత మూడడుగులది తప్పదు. 3 × 1 × 1.25 అంటే 106 లీటర్లు, నీళ్ళ బరువే వంద కిలోలు దాటుతుంది. మామూలు టీవీ స్టాండ్ మీద పెట్టకండి.

సిక్కోలు_నీలిమ
ఇక్కడి సంగతి చెబుతున్నాను. ఏంజెల్, కోరీలు, విడోలు వెళ్ళిపోయాయి. నీళ్ళు మారుస్తూ వచ్చాక అమోనియా సున్నా, నైట్రేట్ 20. ఫ్యాన్ పెట్టాక 28 డిగ్రీలు. వెనక, పక్కలా వాలిస్నేరియా నాటాం. టబ్బులోని చిన్నదాని తోక అంచున తెల్లగా కొత్త రెక్క వస్తోంది, మందు ఏమీ వేయలేదు. పెద్దది ఇంకా తరుముతూనే ఉంది కానీ మొక్కల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది. కొత్తగా మూడు ఆడ బార్బ్‌లు తెచ్చి ముందు వేరే టబ్బులో పెట్టాను. వాటిలో ఒకదాని ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు కనిపిస్తున్నాయి. ఇప్పుడు ట్యాంక్‌లో కలపొచ్చా?

గంటస్తంభం
కలపకండి! అది తెల్లచుక్కల జబ్బు. వేరే టబ్బులో పెట్టి చాలా మంచి పని చేశారు.

రాజాం_రవ్వ
మలకైట్ గ్రీన్ ఉన్న తెల్లచుక్కల మందు షాపులో దొరుకుతుంది. సీసా మీద రాసిన మోతాదే, ఎక్కువ వద్దు. చుక్క చర్మం లోపల ఉన్నంతసేపు మందు దానికి తగలదు. అది రాలి, పిల్లలై నీళ్ళలో ఈదేటప్పుడే చస్తుంది. అందుకే చుక్కలు పోయాయని మధ్యలో ఆపకూడదు, ఇంకో వారం వేయాలి. ఆ టబ్బుకి వాడిన వల, మగ్గు పెద్ద ట్యాంక్‌లో ముంచకండి.

చంపావతి
టబ్బులో గాలి బుడగలు బాగా ఆడాలి, మందు వేసినప్పుడు ప్రాణవాయువు ఇంకా అవసరం. మూడూ పూర్తిగా కోలుకున్నాక, మీ చిన్నదాన్ని కూడా వాటితో కలిపి, నాలుగూ ఒకే రాత్రి లైటు ఆపి వదలండి. ఒంటరిగా వెనక్కి పంపితే పెద్దది దాన్నే మళ్ళీ పట్టుకుంటుంది.

సిక్కోలు_నీలిమ
మందు ఈ సాయంత్రం తెస్తాను. మొక్కలున్న ట్యాంక్‌కి ఈ మందు అవసరం లేదు కదా, అక్కడ చుక్కలేమీ లేవు?

రాజాం_రవ్వ
లేదు. రోజూ ఒకసారి రెక్కల అంచులు మాత్రం చూస్తుండండి.